పంటినొప్పికి ముందే

పంటినొప్పి అర్ధరాత్రివేళ అకస్మాత్తుగా వచ్చినట్లు కనిపిస్తుంది. నిజానికి దాని వెనుక నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు సంవత్సరాల తరబడి సాగిన నిర్లక్ష్యం ఉంటుంది. గుంటూరు, ప్రకాశం ప్రాంతాల పొలాల్లో పని ముమ్మరంగా సాగే రోజుల్లో పంటిలో చిన్న గుంత పడినా, చన్నీళ్ళు తగిలి పన్ను జివ్వుమన్నా పట్టించుకొనే తీరిక ఉండదు. పత్తితీత అయ్యాక చూపించుకోవచ్చునని, ఆపైన మిరపకోత ముగియనిమ్మని వాయిదా వేస్తారు. ఈలోగా దవడ వాస్తుంది. మిరప ఆకులో ముడత కనబడగానే మేల్కొనే రైతు తన పంటి విషయంలో మాత్రం ఏమరుపాటు చూపుతాడు.

పంటి పైపొరను ఎనామిల్ అంటారు. మానవ శరీరంలో దీనికంటె గట్టి పదార్థం లేదు. అయితే ఇది ఒకసారి నశిస్తే మళ్ళీ పెరగదు. నోటిలోని సూక్ష్మజీవులు తీపి, పిండి పదార్థాలను ఆమ్లంగా మారుస్తాయి. పంటిపై పి.హెచ్. విలువ సుమారు 5.5 కంటె తగ్గినప్పుడు ఎనామిల్‌లోని ఖనిజాలు కరగడం మొదలవుతుంది. లాలాజలం కొంతసేపటికి ఆ నష్టాన్ని పూడుస్తుంది. కాని గంటగంటకూ తీపి టీ తాగేవారి నోటిలో లాలాజలానికి ఆ వ్యవధి దొరకదు. అందువల్ల ఎంత తీపి తిన్నారన్నదానితోపాటు ఎన్నిసార్లు తిన్నారన్నదీ ముఖ్యమే. గుంత లోతై, నాడులు, రక్తనాళాలు ఉండే గుజ్జును చేరినప్పుడు భరింపరాని నొప్పి, ఆపై చీము కలుగుతాయి.

ఈ ప్రాంతపు దంతాలకు మరొక చరిత్ర కూడా ఉంది. 1937లో షార్ట్, ఆయన సహచరులు మద్రాసు ప్రెసిడెన్సీలో ఫ్లోరైడ్ వ్యాధిని గురించి పరిశోధనా వ్యాసాన్ని ప్రకటించారు. వారు పరిశీలించిన దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాలు అప్పుడు నెల్లూరు జిల్లాలో ఉండేవి. 1970లో కొత్త జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరాయి. అదే తరువాత ప్రకాశం జిల్లా అయింది. భూగర్భ శిలల నుండి ఫ్లోరైడ్ బావినీటిలో కలుస్తుంది. స్వల్ప మోతాదులో అది ఎనామిల్‌ను బలపరుస్తుంది; లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించితే హాని కలుగుతుంది. దంతాలు చిగురులోపల రూపొందే బాల్యంలోనే ఈ హాని జరిగి, అవి మచ్చలతో బయటికి వస్తాయి.

ఈ మచ్చలు మురికి కావు. ఈ సంగతి తెలియక కొందరు బొగ్గుపొడితో, ఇటుకపొడితో పళ్ళను రుద్దుతారు. మచ్చ పోదు సరికదా, ఉన్న ఎనామిల్ అరుగుతుంది. పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అన్న సామెత ఇటువంటివారికి చక్కగా అన్వయిస్తుంది. నీటిని మరగించినా ఫ్లోరైడ్ తొలగదు. నీరు ఇగిరేకొద్దీ దాని గాఢత పెరుగుతుంది. కాబట్టి బోరునీటిని పరీక్ష చేయించడం, పిల్లలకు శుద్ధిచేసిన నీటినిగాని, ఫ్లోరైడ్ తక్కువగా ఉండే శుభ్రమైన నదీజలాన్నిగాని తాగించడం అవసరం. మచ్చలను నివారించేది నీరు. గుంతలను నివారించేది దినచర్య. ఒకదాని పని మరొకటి చేయలేదు.

ఆ దినచర్య కష్టమైనది కాదు. ఉదయం ఒకసారి, రాత్రి పడుకొనేముందు మరొకసారి మెత్తని కుంచెతో రెండు నిమిషాలు పళ్ళు తోముకోవాలి. నిద్రలో లాలాజలం తగ్గుతుంది కనుక రాత్రి తోముకోవడం మరింత ముఖ్యం. వేపపుల్ల వాడేవారు చిగుళ్ళు గాయపడకుండా నెమ్మదిగా రుద్దుకోవాలి. చిన్నపిల్లలు పేస్టు మింగకుండా పెద్దలు చూడాలి. తిన్న తరువాత నోరు పుక్కిలించడం, పొగాకు మానడం, ఏడాదికొకసారైనా దంతవైద్యునికి చూపించుకోవడం మేలు. చిగుళ్ళ నుండి రక్తం కారడం, రెండు వారాలు దాటినా నోటిపుండు మానకపోవడం వ్యాధి సూచనలు.

జాగ్రత్తపడినా ప్రమాదాలు జరగవచ్చు. ఆటలో శాశ్వత దంతం ఊడితే దాని వేరును ముట్టుకోకుండా పైభాగం పట్టుకొని, మట్టి ఉంటే పాలతోగాని నీటితోగాని తేలికగా కడిగి, వెంటనే దాని స్థానంలో నిలపాలి. అది వీలుకాకపోతే పాలలో ఉంచి, గంటలోపుగా వైద్యుని చేరాలి. పాలపన్నును మాత్రం తిరిగి అమర్చరాదు. దవడవాపుతోపాటు జ్వరం వచ్చినా, నోరు తెరవడం, మింగడం, ఊపిరి తీయడం కష్టమైనా తెల్లవారేదాకా వేచి ఉండక ఆసుపత్రికి వెళ్ళాలి. లవంగనూనె నొప్పిని కాసేపు మరపిస్తుందేగాని చీమును తొలగించదు.

చిన్న గుంతను పూడ్చడానికి సాధారణంగా ఒక పూట చాలు. దానిని ఉపేక్షిస్తే, కోతల రోజుల్లోనే మంచం పట్టవలసి రావచ్చు. పొలంలో కలుపును మొలకగా ఉన్నప్పుడే తీసే రైతుకు ఈ లెక్క కొత్తది కాదు.