రాణి గది కోసే ముందు గుడ్డు చూడండి

అలిపిరి దగ్గర కొండ కింద మాకు చిన్న మామిడి తోట ఉంది. అందులో పుట్ట తేనెటీగల (ఎపిస్ సెరానా) పెట్టెలు పెట్టుకున్నాం. శేషాచలం అడవిలో చెట్టు తొర్రల్లో, పుట్టల్లో ఉండే ఈగలే ఇవి. మన పూలకు, మన ఎండకు అలవాటు పడినవి. కాకపోతే కాస్త బలపడగానే వేరు కాపురం పెట్టేస్తాయి.

మొదటి ఏడాది నేను చేసిన తప్పు ముందే చెప్తాను. మామిడి పూత టైములో ఒక పెట్టెలో రాణి గదులు కనిపించాయి. అవి కోసేస్తే గుంపు లేవదని ఎవరో చెప్పింది గుర్తొచ్చి అన్నీ కోసేశాను. అప్పటికే పాత రాణి సగం ఈగలతో వెళ్లిపోయిందని చూసుకోలేదు. కొత్త రాణిని చేసుకుందామంటే అట్టల్లో గుడ్లు, చిన్న పిల్లలు కూడా లేవు. కొన్నాళ్లకు పెట్టె ఖాళీ అయిపోయింది.

గుంపు లేచే ముందు గుర్తులు

గుంపు లేవడం జబ్బు కాదు, అది తేనెటీగల సంతానవృద్ధి. పుప్పొడి బాగా వచ్చి, పెట్టె ఇరుకైనప్పుడు మొదలవుతుంది.

- పోతుటీగల గదులు పెరుగుతాయి. వాటి మూత ఉబ్బుగా, మధ్యలో చిన్న రంధ్రంతో ఉంటుంది.
- సాయంత్రం ఈగలు వాకిలి దగ్గర గుత్తిగా వేలాడతాయి. ఎండ వేడికి కూడా ఇలా చేస్తాయి, కాబట్టి దీన్నొక్కదాన్నే నమ్మొద్దు.
- అట్టల కింది అంచున వేరుశనగ కాయల్లా రాణి గదులు వేలాడతాయి.

రాణి గది ఎక్కడుంది?

కింది అంచున చాలా గదులుంటే గుంపు లేవబోతోందని అర్థం. అట్ట మధ్యలో ఒకటో రెండో ఉంటే, ముసలి రాణిని మార్చుకుంటున్నాయి, ముట్టుకోవద్దు. కూలి ఈగల గదుల్నే సాగదీసి కట్టి ఉంటే రాణి హఠాత్తుగా పోయినట్టు.

రాణి కనబడకపోతే

గుడ్డు చూస్తే చాలు. కొత్తగా పెట్టిన గుడ్డు గది అడుగున నిలబడి ఉంటుంది, రెండో రోజు వాలుతుంది, మూడో రోజు పడుకుంటుంది. నిలబడిన గుడ్డు ఉందంటే రాణి నిన్నో ఇవాళో అక్కడ తిరిగినట్టే. ఎండకు వీపు పెట్టి, వెలుగు గది అడుగున పడేలా అట్ట పట్టుకోండి.

గుడ్లు ఉంటే – మనమే విడదీయాలి

గదులు కోస్తూ పోతే మళ్లీ కడతాయి. దానికన్నా విడదీయడమే మేలు.

1. పాత రాణి ఉన్న అట్ట, మూత వేసిన పిల్లల అట్ట ఒకటి, తేనె–పుప్పొడి అట్ట ఒకటి కొత్త పెట్టెలోకి మార్చండి. వీటి మీద రాణి గది ఒక్కటి కూడా ఉండకూడదు.
2. ఎగిరే ఈగలు పాత చోటికే తిరిగిపోతాయి. కాబట్టి ఇంకో పిల్లల అట్ట మీది ఈగల్ని కొత్త పెట్టెలోకి దులపండి. రాణి గది ఉన్న అట్టను మాత్రం దులపొద్దు.
3. పాత పెట్టెలో పొడవైన మంచి రాణి గది ఒక్కటే ఉంచండి. ఎక్కువ వదిలితే మళ్లీ చిన్న గుంపులు లేస్తాయి.
4. కొత్త పెట్టెకు కొన్నాళ్లు సాయంత్రం పూట చక్కెర పాకం పెట్టండి.

గుడ్లు లేక, మూత వేసిన గదులుంటే

రాణి వెళ్లిపోయి ఉండొచ్చు. ఒక మంచి గదిని కాపాడండి. రాణి గుడ్డు దశ నుంచి బయటికి రావడానికి సుమారు 15–16 రోజులు. ఆ తర్వాత ఎగిరి జతకట్టి గుడ్లు పెట్టడానికి మరో వారం పది రోజులకు పైనే పడుతుంది. అందాకా పెట్టెను కదపొద్దు.

మూడు వారాలైనా గుడ్లు కనబడకపోతే, వేరే పెట్టె నుంచి గుడ్లున్న అట్ట ఒకటి ఇవ్వండి. దాని మీద రాణి గదులు కడితే రాణి లేనట్టే. కట్టకపోతే కొత్త రాణి ఉండే ఉంటుంది, ఇంకొన్నాళ్లు ఆగండి.

ఒక్కో గదిలో రెండు మూడు గుడ్లు, అవీ గోడలకు అంటుకుని ఉంటే కూలి ఈగలే గుడ్లు పెడుతున్నాయి. వాటి నుంచి పోతుటీగలే వస్తాయి. మెల్లిఫెరా కన్నా మన ఈగల్లో ఇది తొందరగా వస్తుంది. ఇక ఆ పెట్టెను సాయంత్రం పూట రాణి ఉన్న బలమైన పెట్టె మీద, మధ్యలో చిన్న రంధ్రాలు పెట్టిన న్యూస్‌పేపర్ పరిచి కలిపేయడమే మంచిది.

వీడియోలో గుడ్లున్న అట్టను దగ్గరగా చూపించాను. అది చూసి, ఈసారి పెట్టె తెరిచినప్పుడు కత్తి పక్కన పెట్టి ముందు గుడ్డు వెతకండి.