వంటయింటి పొయ్యి చెప్పు లెక్క

గ్రామమున ఇబ్బందికాలము వచ్చినదో లేదో తెలిసికొనుటకు లెక్కల పుస్తకములు విప్పనక్కరలేదు; వంటయింటి పొయ్యిని చూచిన చాలును.

పూర్వపు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలలో తరతరములుగా పొయ్యికి ఆధారము అడవికట్టె, పిడకలు, పత్తి ఏరిన పిదప మిగులు పత్తికట్టె. గోదావరిఖని, బెల్లంపల్లి గనుల చుట్టుపట్ల బొగ్గుపొయ్యిలును ఉండెడివి. కట్టెలు తెచ్చు పని స్త్రీలదే. ఆ శ్రమకు ఎవరును వెల కట్టలేదు.

1999లో దీపం పథకము మహిళాసంఘముల సభ్యులకు గ్యాసు కనెక్షన్లు ఇచ్చినది. 2016లో వచ్చిన ఉజ్జ్వల పథకము కనెక్షన్‌ను స్త్రీ పేరనే ఇచ్చినది. ఇంతలో బీడీలు చుట్టుటవలన, పత్తి ఏరుటవలన స్త్రీకి కూలి లభించుచుండెను. కట్టెలకు పోయిన పూట కూలి పోవునని ఇంటివారికి తెలిసినది. పొయ్యి మారుటకు ఇదియు ఒక కారణము.

కాని చేత డబ్బు ఆడనినాడు ఈ మార్పు వెనుకకు నడచును. 2020లో కరోనా కాలమున ఉజ్జ్వల కుటుంబములకు మూడు సిలిండర్లు ఉచితముగా లభించినవి. 2022లో సిలిండరు వెల వేయి రూపాయలు దాటినది. అట్టి సమయమున గ్యాసు తేనీటికి, చుట్టములకు మిగులును. అన్నము, స్నానపు నీరు కట్టెలపొయ్యికి పోవును. సిలిండరు వెల కంటికి కనబడును. స్త్రీ శ్రమయు, ఆమె పీల్చు పొగయు కనబడవు. ఇండ్లలోని పొగవలన 2020లో ప్రపంచమున సుమారు 32 లక్షలమంది మరణించిరని ప్రపంచ ఆరోగ్యసంస్థ అంచనా.

2024 ఫిబ్రవరిలో తెలంగాణ ప్రభుత్వము మహాలక్ష్మి పథకమున 500 రూపాయలకే సిలిండరు ఏర్పాటు చేసినది. అయితే పూర్తి వెల ముందు చెల్లించిన పిదప రాయితీ బ్యాంకు ఖాతాలో పడునట్లును, రాయితీ సిలిండర్ల సంఖ్య అంతకుముందు మూడేండ్ల సగటు వాడకమునుబట్టి ఉండునట్లును నిర్ణయింపబడినది. ఇచ్చట సభ్యులు ఒక విషయము గమనింపవలెను. డబ్బు లేక కట్టెలపై వండుకొన్న ఇంటి వాడకము తక్కువగా నమోదగును. అందువలన దానికి దొరకు సాయమును తగ్గును. లేమియే లెక్కలలో అవసరము లేనట్లు కనబడును.

కావున పంచాయతీ సభ్యులు తమ వార్డులో ఎన్ని కనెక్షన్లు కలవని కాక, ఏడాదికి ఏ ఇంట ఎన్ని సిలిండర్లు నింపించిరని విచారింపవలెను. ముందుగా చెల్లించు సొమ్మునకు మహిళాసంఘపు పొదుపునుండి చిన్న అప్పు దొరకునేమో సంఘమువారితో చర్చింపవలెను. వాడకము తగ్గిన ఇండ్ల సంగతి గ్రామసభలో స్త్రీల నోటనే చెప్పింపవలెను. గ్యాసుపొయ్యి ఇంటికి వచ్చుట మొదటి మెట్టు మాత్రమే. అది ప్రతిదినము వెలుగుటయే నిజమైన అభివృద్ధి.