ఒక నిమిషం నిండేదాకా

దుమ్ముగూడెం,
ఆదివారం

కిట్టూ,

నువ్వు ఫోన్లో పంపిన నాలుగు ముక్కలూ చదివాను. "పిల్లల వార్డు పోస్టింగ్ ఈజీగా అయిపోయింది పెద్దమ్మా" అన్నావు. ఆ "ఈజీగా" దగ్గరే నా మనసు చిక్కుకుపోయింది. దానికి తోడు మొన్న మీ అమ్మ ఫోన్ చేసింది. పొద్దున పూట వార్డుకు పోకుండా గదిలో ట్యాబు ముందు కూర్చుని పీజీ ఎంట్రన్సు క్లాసులు వింటున్నావని, లాగ్‌బుక్కు మాత్రం సంతకాలతో నిండిపోయిందని ఎవరో చెప్పారట. నిజమా అని నేనడగను. నిజమైతే నువ్వే చెప్తావు.

పరీక్ష రాయొద్దని అనను. 200 ప్రశ్నలు, ఒక్కోదానికి నాలుగు జవాబులు, ఒకటి గుర్తుపెట్టాలి. చదువు, బాగా చదువు. కానీ తల్లి బిడ్డను ఒళ్లో పెట్టుకుని నీ ముందు కూర్చున్నప్పుడు ఆ నాలుగు జవాబులూ ఎవరు రాసిస్తారు నాయనా?

ఇప్పుడు మా దగ్గర మిరప ఏరుతున్నారు. ఛత్తీస్‌గఢ్ నుంచి కుటుంబాలకు కుటుంబాలే దిగాయి. తోట గట్టు మీద చెట్టుకు చీర ఉయ్యాల, అందులో బిడ్డ. కాయ ఘాటుకు దగ్గే బిడ్డా దగ్గుతుంది, న్యుమోనియా బిడ్డా దగ్గుతుంది. దగ్గు విని తేల్చలేవు. చొక్కా పైకెత్తి, పొట్ట లేచి పడడం చూస్తూ ఊపిరి లెక్కపెట్టాలి. నిండా ఒక నిమిషం. రెండు నెలలలోపు బిడ్డకు 60, ఏడాదిలోపు 50, అయిదేళ్లలోపు 40. అక్కడికి చేరినా, దాటినా వదలకూడదు. ఇవి నీకు నిద్రలో లేపి అడిగినా వస్తాయి, నాకు తెలుసు. ఎంతమంది బిడ్డలకు లెక్కపెట్టావన్నదే నేనడిగేది.

నేను ఆసుపత్రి ఉద్యోగంలో చేరిన మూడో ఏడు, 1993. చలికాలం. ఏటి అవతలి గూడెం నుంచి ఎనిమిది నెలల పిల్లవాణ్ణి తెచ్చారు. వరండా నిండా జనం. పదిహేను సెకన్లు చూశాను, పన్నెండు వచ్చాయి. నాలుగుతో హెచ్చవేసి 48 అనుకున్నాను. యాభైకి తక్కువే కదా అని దగ్గు మందిచ్చి పంపించాను. పసిబిడ్డ ఊపిరి గడియారంలా నడవదు కిట్టూ. కాసేపు గబగబా, కాసేపు నెమ్మదిగా. నేను చూసిన పదిహేను సెకన్లూ నెమ్మదిగా ఉన్నవి. రాత్రికి డొక్కలెగరేస్తున్నవాణ్ణి మళ్లీ మోసుకొచ్చారు. తెల్లవారలేదు వాడికి.

అప్పుడున్న డాక్టరుగారు నన్ను తిట్టలేదు. మర్నాడు ఓపీలో నా పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, ఇంకో బిడ్డ పొట్ట మీద నా చెయ్యి పెట్టించి, లెక్కపెట్టు అన్నారు. నేను లెక్కపెడుతుంటే ఆయన కూడా పెదవుల్లోనే లెక్కపెట్టారు. నాకు 52, ఆయనకు 56. మళ్లీ అన్నారు. నెల రోజులు, రోజుకు పదిమంది బిడ్డలు. పుస్తకంలో నేను చదివిందంతా ఆ స్టూలు మీద నాకు పనికొచ్చింది.

వేళకు తింటున్నావా? మెస్సు సాంబారు పడటం లేదన్నావు. చింతకాయ పచ్చడి పంపిస్తున్నాను, నూనె మీద తేలేలా పెట్టు.

మన గోదావరికి ఎగువన గడ్చిరోలి అడవుల్లో అభయ్ బంగ్, రాణీ బంగ్ అని డాక్టర్లు ఉన్నారు. లెక్కలు రాని ఊరి మంత్రసానుల కోసం ఒక పరికరం చేశారు. నిమిషం ఇసుక గడియారం, పక్కన పూసలు. పది ఊపిర్లకు ఒక పూస జరపాలి. ఇసుక అయిపోకముందే ఎర్రపూస జరిగిందంటే న్యుమోనియా. చదువు లేని ఆడవాళ్లు ఆ నిమిషాన్ని ఓపిగ్గా చూశారు, మందిచ్చారు, బిడ్డలు బతికారు. అన్నేళ్ల చదువు చదివే నీకు ఆ ఒక్క నిమిషం బరువైతే నా ప్రాణం ఒప్పుకోదు.

వేలికి పెట్టే ఆక్సీమీటరు ఉందిగా అంటావు. ఉంది. 2022 జూలైలో గోదావరి 71 అడుగులు దాటినప్పుడు పునరావాస కేంద్రంలోనూ ఉంది. తడిసి చల్లబడ్డ పసివేళ్లకు అంకె నిలవలేదు. నా చేతి వాచీతో నేనూ, ఒక చిన్న డాక్టరమ్మా లాంతరు దగ్గర కూర్చుని లెక్కపెట్టాం. లెక్కతోనే ఆగకు, జ్వరముంటే మలేరియా రక్తపరీక్ష కూడా వెంటనే చెయ్యి. ఫాల్సిపారం మలేరియా ముదిరినా ఆయాసమే వస్తుంది, అదీ న్యుమోనియా కలిసీ ఉంటాయి.

ఇంకో మాట. భద్రాచలం ఆసుపత్రికి ఛత్తీస్‌గఢ్, ఒడిశా, ఆంధ్ర ఏజెన్సీ నుంచి కూడా వస్తారు. ఒకసారి ఒక కోయ తల్లి "ఏరు, ఏరు" అంటుంటే, ఏరు దాటి వచ్చిందేమో అనుకుని ఒక కుర్ర డాక్టరు ఊరి పేరు అడుగుతున్నాడు. వాళ్ల భాషలో ఏరంటే నీళ్లు. బిడ్డ నాలుక ఎండిపోయి ఉంది. పది కోయ మాటలైనా నేర్చుకో, వార్డు ఆయాలను అడిగితే సంతోషంగా చెప్తారు.

కొత్తగూడెంలో 2022లో, ఖమ్మంలో 2023లో సర్కారు మెడికల్ కాలేజీలు వచ్చాయంటే నాకు ఒళ్లు పులకరించింది. మా రోజుల్లో డాక్టరు కావాలంటే వరంగల్‌కు పోవాలి. అడవి పక్కనే డాక్టర్లు తయారైతే అడవి బిడ్డల సంగతి తెలిసినవాళ్లవుతారని నా ఆశ. ఆ చదువు మంచం పక్కనే జరగాలి. 2019లో వచ్చిన మీ కొత్త సిలబస్సు కూడా పని చేసి చూపించాకే సంతకం అంటోంది కదా. ఒక మంచం చుట్టూ ఇరవై మంది నిలబడితే ముందున్న ఇద్దరికే బిడ్డ కనిపిస్తుంది. అందుకని మధ్యాహ్నం మూడింటికి, రద్దీ తగ్గాక, ఒక స్నేహితుణ్ణి తీసుకుని మళ్లీ వెళ్లు. ఇద్దరూ ఒకే బిడ్డకు లెక్కపెట్టి అంకెలు సరిచూసుకోండి. పెద్ద డాక్టరు కనిపిస్తే, "సార్, నేను చూస్తాను, మీరు నన్ను చూడండి" అని అడుగు. సిగ్గుపడకు. విసుక్కుంటే మర్నాడు మళ్లీ అడుగు. ఆయన తీరికలేని మనిషైతే స్టాఫ్ నర్సును అడుగు, వాళ్ల చేతుల్లో చాలా చదువుంది.

బిడ్డ ఏడుస్తున్నప్పుడు మాత్రం లెక్కపెట్టకు, తల్లి ఒళ్లో కుదుటపడనీ.

వచ్చే వారం నాకు ఏడుగురు బిడ్డల లెక్క రాసి పంపు. వయసు, ఊపిరి, నిద్రలో ఉన్నాడా, మెలకువగా ఉన్నాడా. పేర్లు వద్దు. పచ్చడి సీసా పక్కన గుడ్డలో చుట్టింది నా వాచీ, జాగ్రత్తగా విప్పు. రోజూ పొద్దున కీ ఇవ్వాలి. రోజుకు రెండు నిమిషాలు ముందుకు పోతుంది గానీ సెకన్ల ముల్లు బాగానే తిరుగుతుంది.

మీ పెద్దమ్మ