పోటీ పరీక్షల ప్రత్యేకం: గిగ్ కార్మికులు – ప్రమాద బీమా

ఫుడ్ డెలివరీ చేసే కుర్రాడు బండి మీంచి పడి కాలు విరిగితే ఖర్చు ఎవరిది? 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం అతన్ని ఆదుకునేది కాదు. కంపెనీల లెక్కలో అతను ఉద్యోగి కాదు, ‘భాగస్వామి’! ఈ లోటు తీర్చడానికే సామాజిక భద్రతా కోడ్–2020 గిగ్, ప్లాట్‌ఫాం కార్మికులను తొలిసారి నిర్వచించింది. అగ్రిగేటర్లు (ఇలాంటి యాప్ కంపెనీలు) వార్షిక టర్నోవర్‌లో 1–2 శాతం సంక్షేమ నిధికి చెల్లించాలి. అయితే అది కార్మికులకు ఇచ్చే మొత్తంలో 5 శాతం మించకూడదు. కోడ్ అమల్లోకి వచ్చింది 2025 నవంబరు 21న.

సొంతంగా తీసుకోదగ్గ చౌక రక్షణ ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన (2015). వయసు 18–70 ఏళ్లు. ఏటా ప్రీమియం రూ.20 (2022 మే వరకు రూ.12). ప్రమాదంలో మరణించినా, రెండు కళ్లు, రెండు చేతులు లేదా రెండు కాళ్లు శాశ్వతంగా కోల్పోయినా రూ.2 లక్షలు, ఒక కన్ను, ఒక చేయి లేదా ఒక కాలు పోతే రూ.లక్ష. విరిగి అతుక్కునే కాలికి మాత్రం పైసా రాదు, ఆసుపత్రి బిల్లూ ఇవ్వరు. అసలు చిక్కంతా ఇక్కడే. దానికి వేరే వ్యక్తిగత ప్రమాద పాలసీయో, ఆరోగ్య బీమాయో ఉండాల్సిందే.

రాష్ట్రాల్లో ప్రత్యేక చట్టం తొలుత తెచ్చింది రాజస్థాన్ (2023). తెలంగాణ ప్రభుత్వం అదే ఏడాది డిసెంబరులో రూ.5 లక్షల ప్రమాద బీమా ప్రకటించింది.

సురక్షా బీమాతో కలిపి అభ్యర్థులు తికమకపడేది ఒకటుంది: ఏ కారణంతో మరణించినా రూ.2 లక్షలిచ్చేది ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా యోజన; దాని ప్రీమియం ఏటా రూ.436.