నూనెకూ కాలం చెల్లుతుందా?

ఇంజనులో ఒరుసుకునే భాగాల నడుమ పలుచని పొరగా నిలిచి అరుగుదలను తగ్గించేదే కందెన. అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ ఈ నూనెలను తరగతులుగా విభజించింది. పెట్రోలు ఇంజన్ల వరుసలో మొదటిది ‘ఎస్‌ఏ’. ఇందులో అదనపు రసాయనాలేవీ కలపరు. నేటి ఇంజన్ల వేడికి ఇది త్వరగా చెడి మడ్డి కడుతుంది. 1930 తర్వాత తయారైన చాలా మోటారు ఇంజన్లకు ఇది తగదని ఆ సంస్థే చెబుతుంది.

మరి ఇలాంటి నూనెల అమ్మకం ఆపేస్తే సరిపోదా? అక్కడే ఉంది చిక్కు. కొత్త నూనెల్లోని డిటర్జెంటు మసిని పేరుకోనివ్వక నూనెలోనే తేలియాడిస్తుంది. నలుసులను ఫిల్టరు పట్టేస్తుంది. ఫిల్టరే లేని పాతకాలపు ఇంజనులో అవి బేరింగుల దాకా తిరుగుతాయి. ఏళ్లుగా పేరుకున్న మడ్డి ఊడి నూనె దారులను మూసేయవచ్చు కూడా. డిటర్జెంటు లేని నూనెలో మసి అడుగుకు దిగుతుంది. అప్పుడప్పుడు విప్పి కడుక్కుంటే సరి.

బావి మీద పాత ఆయిలింజను ఉన్న రైతుకు నిషేధం నష్టమే. చవక గదా అని అదే నూనెను కొత్త ట్రాక్టరులో పోసిన రైతుకు తెలియక కొనడం నష్టం. కాబట్టి ఆపవలసింది నూనెను కాదు, వివరం చెప్పకుండా అమ్మడాన్ని. ఏ కాలపు ఇంజనుకు పనికొస్తుందో డబ్బా మీద తెలుగులో పెద్ద అక్షరాలతో ఉండాలి. అందాకా ఆ అక్షరాలు చదివి ఇంట్లోవాళ్లకు చెప్పవలసింది చదువుకుంటున్న మనమే.