పాట పైన రాగం పేరు

సంగీతం నేర్వాలంటే గురువు కావాలి, ఫీజు కావాలి, ఇంట్లో ఒక వాయిద్యం ఉండాలి అంటారు. మన హాస్టళ్లకు వచ్చే పిల్లల్లో చాలామందికి ఈ మూడూ ఉండవు. అయినా మనలో కొందరు ఆది తాళం తప్పకుండా వేస్తారు. ఎక్కడ నేర్చావురా అంటే ‘చర్చి క్వయర్‌లో’ అంటారు. మతం సంగతి పక్కనపెట్టి, ఆ చదువు ఎలా సాగుతుందో చూద్దాం.

తెలుగు ప్రొటెస్టెంటు చర్చిల్లో, 1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘం పాస్టరేట్లలో కూడా, ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ అనే పుస్తకం వాడతారు. అందులో పాట పైన రాగం, తాళం పేర్లు అచ్చువేసి ఉంటాయి. శంకరాభరణం, ఆనందభైరవి, ఆది, చాపు ఇలా. పల్లవి, అనుపల్లవి, చరణాలు అనే విభజన కూడా మన కృతులదే. వీటిలో ఎన్నో కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరి గారు (1803–1890) పర్లాకిమిడి ప్రాంతంవారు. ఇంగ్లీషు బాణీలకు తెలుగు మాటలు అతికించిన పాటలూ చర్చిలో ఉన్నాయి గానీ, నా మట్టుకు నాకు చౌదరి గారి దారే గొప్పది. మన పేటల్లో డప్పూ పాటా ముందునుంచీ ఉన్నవే. మనవాళ్లను గుడి మెట్లెక్కనివ్వని రోజుల్లో ఈ రాగాల పేర్లు మాత్రం ఇలాంటి పుస్తకాలతోనే చాలా పేటల్లోకి వచ్చాయి.

అయితే పుస్తకంలో రాగం పేరే ఉంటుంది, స్వరాలు ఉండవు. బాణీ అంతా చెవిద్వారా అందాల్సిందే. శనివారం సాయంత్రం ప్రాక్టీసులో పెద్దాయన ఒక్కో పంక్తి పాడతారు, మిగతావారు అందుకుంటారు. ఆది తాళానికి ఎనిమిది లెక్కలు: ఒక దెబ్బ, మూడు వేళ్లు, తర్వాత రెండుసార్లు దెబ్బ, తిప్పు. మిశ్రచాపుకు ఏడు, మూడూ నాలుగుగా. చిన్నపిల్లలు తొడమీద వేసుకుంటూనే నేర్చేస్తారు.

ఆదివారం క్వయర్ పని కచేరీ చేయడం కాదు, సంఘమంతటినీ పాడించడం. చరణం తర్వాత ప్రతిసారీ పల్లవి తిరిగి రావడంలో ఒక మేలుంది. చదువు రానివాళ్లు చరణం వింటారు, పల్లవి దగ్గర గొంతు కలుపుతారు. మా అమ్మకు అక్షరం రాదు. కానీ వినీ వినీ చరణాలన్నీ కంఠతా వచ్చేశాయి. క్వయర్ వేగం పెంచితే ఆడవాళ్ల వరుసలోంచి ఆమె గొంతే వెనక్కి లాగుతుంది!

ఇప్పుడు చిక్కేమిటంటే వాయిద్యాలు. 1842లో పారిస్‌లో దెబెయిన్ పేటెంటు పొందిన హార్మోనియం మన చర్చిల్లో ఇంటి వస్తువైపోయింది. దాని మెట్లలో స్వరం కదలదు, గమకం పలకదు. ఆనందభైరవికి గమకమే ప్రాణం. అయినా పాడేవాళ్ల గొంతు ఆ లోటు తీర్చేది. కీబోర్డు వచ్చాక మరో ఇబ్బంది మొదలైంది. మీట నొక్కితే వచ్చే రిథమ్‌లు ఎక్కువగా నాలుగు, ఆరు, ఎనిమిది లెక్కలవే. ఏడు లెక్కల చాపు కీర్తనను సాగదీసి ఎనిమిదిలో కూర్చోబెట్టడం నేను విన్నాను. మాటలు అవే, నడక పోయింది. ఆ పాట మాత్రమే విని పెరిగే పిల్లవాడికి పాత నడక ఉందనే తెలియదు.

సెలవులకు ఇంటికి వెళ్లే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఒక పని చెబుతాను. అవ్వనో తాతనో కూర్చోబెట్టి, కీబోర్డు లేకుండా, ఒక చాపు కీర్తన పాడించండి. ఫోనులో రికార్డు చేయండి. చేత్తో తాళం వేస్తూ ఏడు లెక్కలు సరిపోతున్నాయో లేదో చూడండి. ఊరి పేరు, రాగం పేరు, పాడినవారికి ఆ బాణీ ఎవరు నేర్పారో నోటుబుక్కులో రాసుకోండి.