ఊపిరితిత్తుల పరిశోధనలో ఇంజనీర్లకూ చోటుంది

ఊపిరితిత్తుల పరిశోధన అంటే ఎంబీబీఎస్ చేసి, ఆపైన పల్మనాలజీ చదివినవాళ్ల సొత్తని మన విద్యార్థుల్లో చాలామంది అనుకుంటారు. వైద్యం చేయడానికి ఆ చదువు ఉండాల్సిందే. కానీ ఊపిరితిత్తి ఎలా దెబ్బతింటుందో తేల్చే పని వేరు. ఆ పనికి బయాలజీ వాళ్లు ఎంత అవసరమో, ఫిజిక్స్, మెకానికల్, వెటర్నరీ చదివినవాళ్లూ అంతే అవసరం. ఉన్నట్టుండి ఊపిరితిత్తులు విఫలమయ్యే ఏఆర్‌డీఎస్ సంగతే చూడండి. 1967లో లాన్సెట్ పత్రికలో తొలిసారి వివరించిన ఈ జబ్బులో, గాలి తిత్తులను చుట్టుకున్న సన్నని రక్తనాళాల్లో కణాల మధ్య అతుకులు వదులవుతాయి, ద్రవం తిత్తుల్లోకి ఊరుతుంది. అప్పుడు ప్రాణం నిలబెట్టేది వెంటిలేటరే. అయితే గాలి మోతాదు మించితే అదే యంత్రం తిత్తుల పొరను మరింత చీలుస్తుందని ముందు ఎలుకల మీద ప్రయోగాల్లో బయటపడింది. అమెరికాలో 861 మంది రోగులపై జరిగి 2000లో వెలువడిన ట్రయల్ ఫలితాలు చూడండి: ఎత్తును బట్టి లెక్కగట్టిన బరువులో కిలోకు 12 మిల్లీలీటర్లకు బదులు 6 చొప్పున గాలి పంపితే, మరణాలు దాదాపు 40 శాతం నుంచి 31కి తగ్గాయి. కొత్త మందేదీ వాడలేదు. పొర ఎంత సాగితే చిరుగుతుందన్నది స్ట్రెస్, స్ట్రెయిన్ లెక్క. బీటెక్ మెకానికల్ వాళ్లు పరీక్ష రాసి మరిచిపోయే పాఠం అది!

ఎలుకలో ఫలించిందల్లా మనిషిలో ఫలించదనే వాదన ఉంది. నిజమే, ఏఆర్‌డీఎస్‌కు ప్రయత్నించిన మందులు అలాగే చాలా విఫలమయ్యాయి. ఆ లోటు పూడ్చాలనే 2010లో హార్వర్డ్ బృందం ఒక చిప్‌లో మనిషి ఊపిరితిత్తి కణాలను ఒకవైపు, రక్తనాళ కణాలను మరోవైపు పెంచి, శ్వాసలాగే సాగేలా చేసింది. అలాంటి చిప్ తయారీకి జీవశాస్త్రం ఒక్కటే చాలదు.

అసలు అభ్యంతరం డబ్బు, కాలం. ఊపిరితిత్తుల రక్తనాళాల్లో పీడనం పెరిగే జబ్బుకు బీఎంపీఆర్2 జన్యువుతో సంబంధం ఉందని 2000లో తేలింది. ఆ జన్యువు దారిలో చెడిన సమతూకాన్ని సరిచేసే సొటాటర్‌సెప్ట్ అనే మందుకు అమెరికాలో అనుమతి వచ్చింది 2024లో. ఇక మన దేశంలో పరిశోధక విద్యార్థులకు ఇచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్ఎఫ్) కింద మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, తర్వాత 42,000, ఇంటి అద్దె భత్యం అదనం. ఇంటి అప్పులు తీర్చాల్సినవాళ్లకు ఈ దారి పట్టమని చెప్పను. అంత ఒత్తిడి లేనివాళ్లకు మాత్రం ఇది నష్టపు బేరం కాదు. కణాల పెంపకం, మైక్రోస్కోపీ, గణాంకాలు చేతికొస్తే ఫార్మా పరిశోధన విభాగాల్లోనూ పనికొస్తాయి.

ఈ దారిలోకి రావాలంటే ఎమ్మెస్సీ వాళ్లు సీఎస్ఐఆర్-యూజీసీ నెట్, ఇంజనీర్లు గేట్ రాయాలి. ఆస్తమా మీద పనిచేసే ఢిల్లీ ఐజీఐబీ లాంటి సంస్థలను వెతుక్కోవాలి. ల్యాబ్ పేరు చూసి మాత్రం చేరిపోవద్దు. మనిషి ఊపిరితిత్తుల నమూనాలు ఏ ఆసుపత్రి నుంచి వస్తాయో, డేటా విశ్లేషణ ఎవరు నేర్పుతారో గైడ్‌ను ముందే అడగండి. రెండింటికీ సూటిగా జవాబు రాకపోతే ఇంకో ల్యాబ్ చూసుకోండి.